మీ పళ్ల డాక్టరు పేరు ఇంట్లో ఎవరికైనా తెలుసా?

శుభం పలకమంటే ఇదేం మాట అని విసుక్కోకండి. ఈ వారం కొంచెం అశుభమే రాయాల్సి వస్తోంది. వీసా రెన్యువల్, టైముకి రాని జీతం, ఇంటి అద్దె, కేర్ హోములో నైట్ డ్యూటీ... ఇవన్నీ మనం వారం వారం మాట్లాడుకునేవే. చావు గురించి మాత్రం మాట్లాడుకోం. ఎప్పుడైనా మాట్లాడుకున్నా, శవాన్ని ఇండియాకి పంపడానికి ఎంతవుతుంది, చందాలు ఎవరు పోగు చేస్తారు అన్నంతవరకే. అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. ఆ శవం ఎవరిది?

ఇంట్లో మంచం మీద పోయినవాళ్ల విషయంలో ఈ ప్రశ్న రాదు. మంటల్లో, నీళ్లలో, విమాన ప్రమాదంలో, మోటారు వే మీద తగలబడిన వ్యానులో పోయినవాళ్ల విషయంలో వస్తుంది. అప్పుడు పోలీసులు ఇంటివాళ్లను అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "ఆయన ఏ డెంటిస్టు దగ్గరికి వెళ్లేవారు?" అని. ఆ ఫోను మీ ఇంటికి, అంటే ఖమ్మానికో, భీమవరానికో వస్తే జవాబు చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారు? ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి.

పాస్‌పోర్టు జేబులో ఉంటుంది కదా, వేలికి ఉంగరం ఉంటుంది కదా, తోటివాళ్లు మొహం చూసి చెప్పలేరా అని మనకు అనిపిస్తుంది. చెప్పలేరు. చెప్పినా పెద్ద ప్రమాదాల్లో ఒక్క ఆ మాట మీద ఆధారపడరు. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇళ్లలో ఒకరి కోటు ఇంకొకరు వేసుకుని డ్యూటీకి పోవడం మనకు తెలియనిదా? ఆ కోటు జేబులో ఉన్న కార్డు ఎవరిదై ఉంటుంది? దుఃఖంలో ఉన్న మనిషి పాడైపోయిన మొహాన్ని చూసి అవునంటాడు, కాదంటాడు. రెండూ తప్పు కావచ్చు. అందుకే ఇంటర్‌పోల్ పద్ధతిలో గట్టి ఆనవాళ్లు మూడే. వేలిముద్రలు, పళ్లు, డి.ఎన్.ఏ. మిగతావి, అంటే బట్టలు, నగలు, పచ్చబొట్లు, మచ్చలు, తోడు సాక్ష్యాలు మాత్రమే.

ఈ జాగ్రత్త ఇంగ్లండుకి ఊరికే రాలేదు. 1989 ఆగస్టు 20 తెల్లవారుజామున థేమ్స్ నదిలో మార్షనెస్ అనే విహార నౌక మునిగి 51 మంది చనిపోయారు. వేలిముద్రల కోసమని వారిలో 25 మంది చేతులు మణికట్టు దగ్గర కోసి తీశారు. కుటుంబాలకు చెప్పలేదు. తర్వాత తెలిసి ఆ తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి లార్డ్ జస్టిస్ క్లార్క్ విచారణ జరిపి, 2001లో ఇచ్చిన నివేదికలో మృతుల గుర్తింపు ఎలా జరగాలి, కుటుంబాలతో ఎలా మెలగాలి అన్నది చెప్పారు. ఇప్పుడు ఇంగ్లండు, వేల్స్‌లలో శవం ఎవరిదన్నది తేల్చే బాధ్యత కరోనర్‌ది. కరోనర్ సంతృప్తిపడేదాకా శవం కదలదు. దేశం దాటించడానికి కరోనర్ అనుమతి కావాలి, ఆ తర్వాతే హైకమిషన్ కాగితాలు. మనవాళ్లు కొందరు "ఆలస్యం చేస్తున్నారు, మనమంటే చులకన" అని కోపం తెచ్చుకుంటారు. ఆలస్యానికి చాలాసార్లు కారణం చులకన కాదు. పోల్చి చూడటానికి వాళ్ల చేతిలో ఏమీ లేకపోవడం.

పళ్ల మీద ఇంత నమ్మకం ఎందుకంటే, ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం పంటి మీది ఎనామిల్. చర్మం పోయినా, ఎముకలు మాడినా దవడ పళ్లు చాలావరకు నిలుస్తాయి. నీళ్లలో నెలలు ఉన్నా నిలుస్తాయి. పైగా ఒకరి నోరు ఇంకొకరి నోరులా ఉండదు. 32 పళ్లలో ఏది పీకించుకున్నారు, దేనికి ఏ పక్క సిమెంటు పెట్టించారు, దేనికి తొడుగు వేయించారు, జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉందా నిలువుగా వచ్చిందా... ఇవన్నీ కలిస్తే సంతకంలాంటిది. ఒక్క పుచ్చు కూడా లేని కుర్రాడి విషయంలోనూ ఎక్స్‌రే తీస్తే వేళ్లు ఎటు వంగాయో, లోపలి గది ఎంత ఉందో కనిపిస్తుంది. ఆ వంపులు కావాలని తెచ్చుకునేవి కావు.

కానీ ఒక చిక్కుంది. పన్ను తనంతట తాను పేరు చెప్పదు. బతికున్నప్పుడు రాసి పెట్టిన కార్డో, తీసిన ఎక్స్‌రేనో పక్కన పెడితేనే చెబుతుంది. ఇంటర్‌పోల్ ఫారాల్లో మనిషి బతికున్నప్పటి వివరాలకు పసుపు కాగితం, శవం దగ్గర రాసుకునే వివరాలకు గులాబీ కాగితం. గులాబీ కాగితం నింపడానికి వాళ్ల నిపుణులున్నారు. పసుపు కాగితం నింపాల్సింది మన ఇల్లు.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ పాతది. 1942 జులైలో దక్షిణ లండన్‌లోని వాక్స్‌హాల్‌లో, బాంబులకు దెబ్బతిన్న ఒక బాప్టిస్టు చర్చిని పడగొడుతున్న కూలీలకు రాతిపలక కింద ఒక మనిషి అవశేషాలు దొరికాయి. అసలే యుద్ధకాలం. బాంబుదాడిలో పోయినవాళ్లలో ఒకరనుకుని ఇంకెవరైనా వదిలేసేవారే. శవపరీక్ష చేసిన కీత్ సింప్సన్ అనే డాక్టరు వదల్లేదు. అది స్త్రీ శరీరమని, ఏడాదికి పైబడిందని, కావాలనే ముక్కలు చేశారని తేల్చాడు. కింది దవడ లేదు. పై దవడలో మిగిలిన పళ్లకు మాత్రం సిమెంటు పని బాగా ఉంది. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో రేచల్ డాబ్కిన్ అనే యూదు మహిళ కనిపించకుండా పోయింది. ఆమె నుంచి వేరుపడిన భర్త ఆ చర్చి పక్కనే కాపలా ఉద్యోగం చేసేవాడు. అనుమానం బలంగానే ఉంది. కానీ ఆ శవం ఆమెదేనని రుజువేది? ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరు పోలీసులకు పళ్ల డాక్టరు పేరు చెప్పింది. స్టోక్ న్యూవింగ్టన్‌లో బార్నెట్ కాప్కిన్ అనే మామూలు డెంటిస్టు. ఆయన తన రోగులందరి కార్డులు శ్రద్ధగా రాసి దాచేవాడు. పుర్రె చూడకముందే ఆమె పై దవడ బొమ్మ గీసి ఇచ్చాడు. సరిగ్గా సరిపోయింది. భర్త హ్యారీ డాబ్కిన్‌ని 1943 జనవరిలో ఉరితీశారు.

ఈ కథ చెప్పేవాళ్లంతా సింప్సన్ తెలివిని, కాప్కిన్ కార్డులను పొగుడుతారు. నేను ఆ అక్కచెల్లెలి గురించి ఆలోచిస్తాను. ఆమెకు ఆ పేరు తెలియకపోతే కార్డు బీరువాలోనే ఉండిపోయేది.

మన పరిస్థితికి దగ్గరగా ఉండేది మోర్‌కాంబ్ సంగతి. 2004 ఫిబ్రవరి 5 రాత్రి లాంకాషైర్ తీరంలో, ఇసుకలో గవ్వలాంటి కాకిల్స్ ఏరుతున్న చైనా కూలీలను ఆటుపోటు చుట్టుముట్టింది. కనీసం 21 మంది చనిపోయారు. ఇంకో ఇద్దరి ఆచూకీ లేదు. వాళ్లలో చాలామందికి సరైన కాగితాలు లేవు. ఎవరి కింద పనిచేస్తున్నారో, అసలు పేరేమిటో రాసిన చోటు లేదు. ఇక్కడ డెంటిస్టు కార్డు అన్న ఊసే లేదు. వేల మైళ్ల అవతల చైనాలో ఉన్న కుటుంబాల సాయంతో గుర్తించాల్సి వచ్చింది. 2010లో ఆ తీరంలో ఒక పుర్రె దొరికితే, అది ఆచూకీ లేని ఇద్దరిలో ఒకరైన మహిళదని డి.ఎన్.ఏ. చెప్పింది. అంటే ఆ ఇంటివాళ్లు ఆరేళ్లు ఎదురుచూశారు. రెండో మనిషి ఇంటివాళ్ల మాట తలుచుకుంటేనే బాధ. ఆ ఘటన తర్వాతే కూలీల మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ 2004లో చట్టం వచ్చింది. గుర్తింపు విషయంలో మాత్రం వలస కూలీకి ఏ చట్టమూ కొత్తగా ఏమీ ఇవ్వలేదు.

2019 అక్టోబరు 23న ఎసెక్స్‌లోని గ్రేస్ దగ్గర లారీ కంటెయినర్‌లో 39 శవాలు దొరికినప్పుడు ఏమైందో గుర్తుందా? మర్నాడు పోలీసులు అందరూ చైనావాళ్లేనన్నారు. చివరికి 39 మందీ వియత్నాం వాళ్లని తేలింది. పేర్లు బయటికి రావడానికి రెండు వారాలకు పైగా పట్టింది. పోలీసులను తప్పుపట్టాలని కాదు. పేరు చెప్పేది ఏదీ లేనప్పుడు దేశమే తారుమారైతే మనిషి సంగతేమిటి?

మోర్‌కాంబ్ అన్నాను కాబట్టి, దాని పక్కనే ఉన్న లాంకాస్టర్ గురించి కూడా ఓ మాట. 1935లో అక్కడ బక్ రక్స్‌టన్ అనే డాక్టరుండేవాడు. బొంబాయిలో పుట్టిన పార్సీ. భార్యను, పనిమనిషిని చంపి, ముక్కలు చేసి, స్కాట్లండులో మోఫాట్ దగ్గర లోయలో పారేశాడు. చదువుకున్నవాడు కదా, ఏది ఆనవాలవుతుందో తెలుసు. పళ్లు పీకేశాడు. మూటకట్టిన పాత పేపరు మాత్రం మోర్‌కాంబ్, లాంకాస్టర్ ప్రాంతానికే వేసిన ప్రత్యేక సంచిక కావడంతో దొరికిపోయాడు. 1936లో ఉరి. (మేము పేపరు వేసేవాళ్లం గనుక ఈ ముక్క మాకు భలే ఇష్టం.) ఇక్కడ గమనించాల్సింది, దాచాలనుకున్నవాడు ముందుగా చేయి వేసింది పళ్ల మీదన్నది.

ఇప్పుడంతా డి.ఎన్.ఏ. కదా, పళ్లు ఎందుకు అని నన్ను ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. డి.ఎన్.ఏ. బ్రహ్మాండమైన సాధనం. ఆ పనిలో పేరున్న సి.డి.ఎఫ్.డి. సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన విమానం మంగళూరులో కాలిపోయి 158 మంది చనిపోయారు. అప్పుడు మొహం చూసి, వస్తువులు చూసి చాలా శవాలను హడావిడిగా ఇచ్చేశారు. తర్వాత నమూనాలు హైదరాబాదు వచ్చాక కొన్ని తారుమారైన సంగతి బయటపడింది. చివరికి 12 శవాలను ఎవరివో తేలకుండానే పాతిపెట్టారు. వాళ్లలో ఎక్కువమంది గల్ఫ్ నుంచి ఇంటికి వస్తున్న మనలాంటివాళ్లే. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగుళూరు-హైదరాబాదు వోల్వో బస్సు తగలబడి 45 మంది పోయినప్పుడు కూడా డి.ఎన్.ఏ.నే దిక్కయింది. మొన్న 2025 జూన్ 12న అహ్మదాబాదు నుంచి లండన్ గాట్విక్‌కి బయల్దేరిన ఎయిరిండియా విమానం కూలి, కింద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది చనిపోతే, ఎక్కువమందిని డి.ఎన్.ఏ. ద్వారానే గుర్తించారు. అక్కడి దంతవైద్య నిపుణులు పళ్ల వివరాలు కూడా సేకరించారు. అయినా జులైలో, తమకు అందిన పెట్టెల్లో ఉన్నది తమవాళ్లు కారని బ్రిటన్‌లోని కొన్ని కుటుంబాల తరఫు లాయరు చెప్పినప్పుడు మనందరికీ గుండె గుభేలుమంది. లాబొరేటరీలో పరీక్ష ఎంత గట్టిదైనా, సేకరించే చోట, పెట్టె మూసే చోట పొరపాటు జరగొచ్చు. రెండో ఆనవాలు చేతిలో ఉంటే పట్టుకునే వీలుంటుంది.

డి.ఎన్.ఏ.కి ఇంకో ఇబ్బంది ఉంది, అది మన ఇళ్లకు బాగా వర్తిస్తుంది. పోల్చడానికి తల్లిదండ్రులో, పిల్లలో, తోడబుట్టినవాళ్లో నమూనా ఇవ్వాలి. మనవాళ్లు ఐదు వేల మైళ్ల దూరంలో ఉంటారు. పెంచుకున్న బిడ్డయితే ఆ పోలికే కుదరదు. అన్నదమ్ములిద్దరూ ఒకే ప్రమాదంలో పోయారనుకోండి (అలా అనుకోవాల్సి వచ్చినందుకు మన్నించండి), తల్లిదండ్రుల రక్తంతో పోలిస్తే ఇద్దరూ ఆ దంపతుల కొడుకులేనని తెలుస్తుంది తప్ప, ఎవరు పెద్దవాడో ఎవరు చిన్నవాడో చెప్పలేరు. అన్నకు పద్నాలుగో ఏట పళ్లకు క్లిప్పులు వేయించారు, తమ్ముడికి కింది దవడ పన్ను పీకించారు అన్న ఒక్క కాగితం ఉంటే గంటలో తేలిపోతుంది. అన్నదమ్ములు, బావా బావమరుదులు ఒకే ఇంట్లో, ఒకే వేర్‌హౌసులో, ఒకే కారులో తిరిగే కుటుంబాలు మన మధ్య ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి.

అన్నిటికంటే నన్ను కదిలించింది సునామీ సంగతి. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండు తీరంలో అయిదు వేలమందికి పైగా చనిపోయారు. సగం దాకా విదేశీ యాత్రికులు. స్వీడన్, జర్మనీ, బ్రిటన్‌లలో వాళ్ల డెంటిస్టుల దగ్గర రికార్డులున్నాయి. మొదటి నెలల్లో పేర్లు తేలినవాళ్లలో అత్యధికుల్ని గుర్తించింది పళ్లే. థాయ్ పౌరులకు గుర్తింపు కార్డుల వేలిముద్రలు కొంత ఆదుకున్నాయి. రెండూ లేనివాళ్లు ఎవరు? చేపల పడవల్లో, కట్టడాల దగ్గర పనిచేసే బర్మా వలస కూలీలు. వందలాది శవాలను చివరికి పేరు లేకుండానే ఒక శ్మశానంలో నంబరు పలకల కింద పూడ్చారు. సముద్రం అందరినీ ఒకేలా ముంచింది. రికార్డున్నవాడు ఇంటికి వెళ్లాడు, లేనివాడు నంబరయ్యాడు.

ఈ దేశంలో పుట్టినవాడికైనా అంతే. 1987 నవంబరు 18న లండన్ కింగ్స్ క్రాస్ స్టేషను మంటల్లో 31 మంది చనిపోతే, ఒకరు ఎవరో 2004 దాకా తేలలేదు. పదహారేళ్లు! ఇల్లూవాకిలీ లేక లండన్ వీధుల్లో తిరిగిన స్కాట్లండు పెద్దాయన ఆయన. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది పోయారు. వాళ్లలో వలస కుటుంబాలే ఎక్కువ. చాలామందిని పళ్ల రికార్డులతోనే గుర్తించారు. అయినా మొత్తం లెక్క తేలడానికి నెలలు పట్టింది. అద్దె కాగితం మీద ఒక పేరు, లోపల ఉండేది పదిమంది అయినప్పుడు ఎవరి కోసం వెతకాలో కూడా తెలియదు. 2023 మార్చిలో తూర్పు లండన్ షాడ్‌వెల్‌లో తగలబడిన చిన్న ఫ్లాటులో పదిహేనుమందికి పైగా ఉంటున్నారని విన్నప్పుడు మనలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. కలగకపోవడమే సిగ్గుచేటు.

పేరు తేలకపోతే నష్టం ఏమిటో కూడా చూద్దాం. శవం దొరక్క, గుర్తింపు లేక, మనిషి "కనిపించడం లేదు" అన్న మాట దగ్గర ఆగిపోతే, మామూలుగా ఏడేళ్లు గడిస్తే తప్ప చనిపోయినట్టు చట్టం అనుకోదు. ఇండియాలో అంతే, ఇక్కడ 2013 చట్టం ప్రకారమూ దాదాపు అంతే. ఏడేళ్లు ఆ ఇల్లాలు బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తెలియక, ఇన్సూరెన్సు రాక, బ్యాంకు డబ్బు తీయలేక, అన్నదమ్ముల వాటాలు తేలక ఉండిపోవాలి. కర్మ చేద్దామంటే దేహం లేదు. దర్భలతోనో మోదుగ ఆకులతోనో బొమ్మ చేసి దహనం చేయించే శాస్త్రం మన పెద్దలు రాసిపెట్టారంటే, ఈ బాధ కొత్తది కాదన్నమాట.

ఇక మన అలవాట్లకు వద్దాం. నా సంగతే చెబుతాను. రెండేళ్ల కిందట దవడ పన్ను సలపరం పెడితే ఇక్కడ ఎన్.హెచ్.ఎస్. డెంటిస్టు కోసం ఫోన్లు చేసి చేసి విసిగిపోయాను. కొత్తవాళ్లను తీసుకోవడం లేదనే అందరి జవాబు. ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు. 2022లో బీబీసీ ఆరా తీస్తే ఎన్.హెచ్.ఎస్. డెంటిస్టుల్లో పదింట తొమ్మిది చోట్ల కొత్త పెద్దలను చేర్చుకోవడం లేదని తేలింది. మాత్రలు మింగుతూ లాక్కొచ్చి, సంక్రాంతికి ఇండియా వెళ్లినప్పుడు రూట్ కెనాల్, తొడుగు రెండూ కానిచ్చేశాను. మూడు సిట్టింగులు. పని బ్రహ్మాండంగా చేశారు. చివర్లో నా చేతికి వచ్చింది బిల్లు ఒక్కటే. ఎక్స్‌రే అడిగితే కంపౌండరు "అది మా దగ్గరే ఉంటుంది సార్, మీకెందుకు?" అన్నాడు. నేనూ "నిజమే, నాకెందుకు" అనుకుని వచ్చేశాను. పోయినేడు వెళ్తే ఆ క్లినిక్ అక్కడ లేదు. బోర్డు మారింది, కింద మొబైల్ షాపు వచ్చింది. నా నోట్లో అన్నిటికంటే ఖరీదైన ఆనవాలు ఎక్కడ రాసి ఉందో ఇప్పుడు నాకే తెలియదు.

మనలో సగంమంది కథ ఇదే. పళ్లు ఇండియాలో, ఒళ్లు ఇంగ్లండులో. అదృష్టం కొద్దీ, కాగితం లేకపోయినా నోరు కొంత చెబుతుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు గార గీతలు ఉంటాయి. అవి ఎంత తోమినా పోవు. విశాఖ, శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పును నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలి చూస్తే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. కానీ అవి ఊరు చెబుతాయి, పేరు చెప్పవు.

ఇంకో అడ్డంకి భయం. కాగితాలు సరిగా లేనివాళ్లు ఏ రికార్డులోనూ తమ పేరు ఉండకూడదనుకుంటారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. 2017లో ఎన్.హెచ్.ఎస్. నుంచి రోగుల చిరునామాలు హోం ఆఫీసుకి ఇచ్చే ఒప్పందం జరిగింది. గొడవయ్యాక 2018లో ఆపారు. శరణు కోరి వచ్చిన పిల్లల వయసు తేల్చడానికి పళ్ల ఎక్స్‌రేలు తీయొచ్చని 2024 జనవరిలో నిబంధనలు తెచ్చారు. డెంటిస్టుల సంఘమే అది తప్పంది. పన్ను చూపించమంటే వలస మనిషికి అనుమానం రాదా మరి? అందుకే రికార్డు ఏ ఆఫీసుకో, ఏ సంఘానికో అప్పజెప్పమని నేను అనను. మన తెలుగు సంఘాలు జాబితాలు తయారుచేసి పెట్టుకోవడం కూడా నాకిష్టం లేదు. అది మీది, మీ ఇంటివాళ్లది. అక్కడే ఉండాలి.

ఇక్కడ డెంటిస్టును చూపించుకున్నవాళ్లు ఎవరైనా తమ రికార్డు ప్రతి అడగవచ్చు, ఎక్స్‌రేలతో సహా. డేటా రక్షణ చట్టం ప్రకారం మామూలుగా నెల లోపల, పైసా తీసుకోకుండా ఇవ్వాలి. రిసెప్షన్లో మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి. క్లినిక్‌లు మూతపడతాయి, చేతులు మారతాయి, పాత ఫైళ్లను కొన్నేళ్లకు తీసేస్తారు, అందుకే ముందే తీసుకోవాలి. ఇంగ్లండులో మామూలు చెకప్‌కి 2025 ఏప్రిల్‌లో ఉన్న రేటు 27 పౌండ్ల 40 పెన్నీలు. అవసరమైతే ఎక్స్‌రే అందులోనే. స్కాట్లండులో ఎన్.హెచ్.ఎస్. చెకప్ ఉచితం. దొరకడమే కష్టం, నిజమే. దొరకనివాళ్లు ఇండియా వెళ్లినప్పుడు మొత్తం దవడ కనిపించే ఎక్స్‌రే, ఓ.పి.జి. అంటారు, ఒకటి తీయించుకోండి. కొన్ని వందల రూపాయల పని. ఫిల్మ్ అయినా, ఫోనుకి పంపించుకున్నా సరే, వెనక తేదీ, మీ పూర్తి పేరు ఉండాలి. పన్ను నంబర్లు మాత్రమే రాసిచ్చిన చీటీని నమ్ముకోవద్దు. అమెరికా పద్ధతిలో 8 అంటే పైన కుడివైపు ముందు పన్ను, ఇక్కడి పాత పద్ధతిలో 8 అంటే జ్ఞానదంతం. ఎక్స్‌రేకి భాష అక్కర్లేదు.

ఇవేవీ కుదరకపోతే కనీసం నవ్వండి. నోరు తెరిచి, ముందుపళ్లు కనిపించేలా తీయించుకున్న ఫోటో కూడా నిపుణుల చేతిలో పనికొస్తుంది. మనవాళ్లు పెళ్లి ఫోటోలో కూడా పెదవి బిగించి నిలబడతారు, అదొక తలనొప్పి.

ఇండియాలో ఉన్న డెంటిస్టు సోదరులు, సోదరీమణులు ఈ పేపరు చూడరని తెలుసు. చూసేవాళ్లు ఎవరైనా ఉంటే, విదేశాల నుంచి వచ్చిన పేషెంటు మళ్లీ మీ మెట్లు ఎక్కకపోవచ్చు, దయచేసి బిల్లుతోపాటు ఎక్స్‌రే కూడా చేతిలో పెట్టి పంపండి.

ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక పోయిన ఆదివారం మా అమ్మకు ఫోన్ చేశాను. ఇక్కడ నెల కిందట ఎట్టకేలకు దొరికిన డెంటిస్టు పేరు, ఊరు, ఫోన్ నంబరు చెప్పి రాసుకోమన్నాను. "ఏరా, మళ్లీ పన్ను నొప్పా? లవంగనూనె రాసుకోలేకపోయావా?" అంది. నొప్పేం లేదు, ఊరికే రాసి ఉంచమన్నాను. అమ్మ కళ్లజోడు వెతుక్కుని, వెంకట్రామా కాలెండరు మీద రాసుకుంది. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, కొత్త సంవత్సరం రాగానే ఆ కాలెండరు తీసేస్తారు కదా అని. మళ్లీ చేశాను. ఈసారి అక్కయ్య ఎత్తింది. నాన్న దస్తావేజులున్న ఇనప్పెట్టెలో, పైన కనిపించేలా పెట్టమన్నాను. ఎందుకని అక్కయ్య అడగలేదు. సరే, ఎక్స్‌రే కూడా పంపించు అంది.